బాలింతకు తోడెవరు? తల్లిపాల వెనుక ఉన్న చేతుల చరిత్ర

తెలుగులో ‘పాలు’ అంటాం. గోండిలో, కోయలో ‘పాల్’ అంటారు. కువిలోనూ ఈ మాటే కొద్ది తేడాతో వినిపిస్తుంది. కొండకూ మైదానానికీ నడుమ ఎన్నో మాటలు వేరైపోయాయి. బిడ్డ మొదట రుచి చూసే ఆహారం పేరు మాత్రం అందరికీ ఒక్కటిగానే మిగిలింది.

మన బడుల్లో పిల్లలకు 1922–24 నాటి మన్యం పోరాటం చెబుతాం, 1940లో జోడేఘాట్‌లో ఒరిగిన కొమురం భీం కథ చెబుతాం. చెప్పి తీరాలి. అయితే ఏ కాలంలోనైనా, ఏ కరువులోనైనా ఒక తరాన్ని బతికించి ఇంకో తరానికి అందించిన పని ఒకటుంది. అది చంటిబిడ్డకు పాలు పట్టి బతికించుకోవడం. దాని చరిత్ర ఏ పాఠంలోనూ లేదు. పాలు తల్లివే. ఆ పాలు బిడ్డ కడుపుకు చేరేలా చేసింది మాత్రం తల్లి చుట్టూ ఉన్న మనుషులు. ఆ మనుషులు ఎవరు, వాళ్లు ఎప్పుడు దూరమయ్యారు, మళ్లీ ఎలా దగ్గరవుతున్నారు అన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్న సంగతి.

గూడెంలో ఉన్న ఏర్పాటు

కాన్పు ఇంట్లోనే జరిగే రోజుల్లో ఎవరు ఏ పని చేసేవారో మన ముసలమ్మలను అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. మంత్రసాని బిడ్డను తీసి, తుడిచి, తల్లి పక్కన పడుకోబెట్టేది. ఒకరు నీళ్లు కాచేవారు, ఒకరు జావ కాచేవారు. రొమ్ము గట్టిపడి నొప్పి చేస్తే వేడి గుడ్డతో కాపడం పెట్టేవారు. బిడ్డ నోరు ఎంత తెరవాలో, తల ఎలా పట్టుకోవాలో తల్లో, అత్తో, వదినో పక్కన కూర్చుని చూపించేవారు. పెద్దపిల్ల ఉంటే నీళ్లు మోయడం, చిన్నవాళ్లను ఎత్తుకోవడం ఆమె వంతు. తొలిచూలు తల్లికి ఇదంతా పూర్తిగా కొత్త కూడా కాదు. పాలిచ్చే ఆడవాళ్ల మధ్యనే ఆమె పెరిగింది. గడప మీద, పొలం గట్టున, సంతలో, చూస్తూ చూస్తూ సగం చదువు అప్పటికే అయిపోయేది.

తల్లి పనికి పోయినా బిడ్డ వెంటే ఉండేది. నడుముకో వీపుకో గుడ్డతో కట్టుకుని, ఏడిస్తే అక్కడే కూర్చుని పాలిచ్చేది. 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే వైద్యుడు, తగినన్ని యంత్రాలు లేక, నెలలు నిండక పుట్టిన బిడ్డలను తల్లి ఒంటికి ఆనించి కట్టించడం మొదలుపెట్టారు. ఆ వెచ్చదనంలో, తల్లి దగ్గరే పాలు తాగుతూ ఆ బిడ్డలు కోలుకున్నారు. ఇప్పుడు దాన్ని ‘కంగారూ సంరక్షణ’ అని మన ఆసుపత్రుల్లోనూ నేర్పుతున్నారు. గుడ్డతో బిడ్డను ఒంటికి కట్టుకునే తల్లులకు ఆ వెచ్చదనం కొత్త సంగతి కాదు.

ఇంతవరకు చెప్పి ఆపితే అది సగం చరిత్రే. ఆ ఏర్పాటులో ఒక పెద్ద లోపం కూడా ఉంది. పసుపురంగులో చిక్కగా వచ్చే ముర్రుపాలను చెడ్డపాలని పిండి పారబోసే అలవాటు చాలా గూడేల్లో ఉండేది. రెండు మూడు రోజులు తేనో, బెల్లం నీళ్లో, ఆముదమో బిడ్డ నాలుకకు రాసేవారు. దీన్ని చూపి మనల్ని ‘అజ్ఞానులు’ అన్నవాళ్లున్నారు. కాని ఈ నమ్మకం మన ఒక్కరిదే కాదు. మైదానపు పల్లెల్లోనూ ఉంది. ప్రాచీన సుశ్రుత సంహిత కూడా మొదటి రోజుల్లో తేనె, నెయ్యి నాకించమనే చెప్పింది. ఐరోపాలోనూ వందల ఏళ్లు ముర్రుపాలను మంచివి కావనుకున్నారు. 1748లో విలియం కాడగన్ అనే ఇంగ్లీషు వైద్యుడు, పుట్టిన బిడ్డ నోట్లో ఏదో ఒకటి పోయడం మాని తల్లి రొమ్మే అందించాలని ఒక పుస్తకం రాస్తే అది అక్కడ కొత్త మాటగా వినిపించింది. లోకమంతా చేసిన తప్పును ఒక్క ఆదివాసీ తల్లి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. తప్పు తప్పేనని మనవాళ్లకు చెప్పడం మాత్రం మన బాధ్యత.

పాలు ఎలా ఊరుతాయి

ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి. మొదటి రోజు బిడ్డ పొట్ట కూడా చాలా చిన్నది, చెంచాల లెక్కలో పట్టేంత. ఆ కొద్ది పాలలోనే రోగాలను అడ్డుకునే పదార్థాలు మెండుగా ఉంటాయి. మూడు నాలుగు రోజులకు పాలు పొంగుతాయి. ఆ తర్వాత సూత్రం ఒక్కటే: బిడ్డ ఎంత తాగితే అంత ఊరుతాయి. రొమ్ము ఖాళీ అవుతున్నకొద్దీ తల్లి శరీరం మళ్లీ తయారు చేస్తుంది. బిడ్డ చప్పరించడం తగ్గితే తయారీ కూడా తగ్గుతుంది. భయం, నొప్పి, దిగులు ఉన్నప్పుడు ఊరిన పాలు కూడా సరిగా దిగవు. అందుకే బాలింత పక్కన ధైర్యం చెప్పే మనిషి ఉండటం మర్యాద కోసం చేసే పని అనుకోకూడదు. అది పాల తయారీలోనే ఒక భాగం.

‘నాకు పాలు చాలడం లేదు’ అన్నది కొత్త తల్లుల నోట ఎక్కువగా వినిపించే మాట. మన దేశపు పోషకాహార శాస్త్రానికి బాటలు వేసిన సి. గోపాలన్ 1950ల దశకంలో పేద తల్లుల పాల మీద పరిశోధనలు చేశారు. ఆయన పనిచేసిన కూనూరు ప్రయోగశాలే తర్వాత హైదరాబాదుకు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అరకొర తిండి తినే తల్లులు కూడా బిడ్డకు చెప్పుకోదగినన్ని పాలివ్వగలుగుతున్నారని ఆ పరిశోధనల్లో తేలింది. అయితే ఆ పాలకు కావలసిన శక్తి తల్లి ఒంట్లోంచే పోతుంది. పేదతల్లికి పాలు రావన్న మాట ఎంత తప్పో, ఆమెకు తిండి పెట్టకపోయినా ఫరవాలేదనుకోవడం అంత తప్పు.

డబ్బా దారి

1867లో స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో హెన్రీ నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెర కలిపి పసిపిల్లలకు ఒక పొడి తయారు చేశాడు. తల్లి లేని బిడ్డకు అలాంటిది అవసరమే. కాని తల్లి ఉన్న బిడ్డకు కూడా అమ్మితేనే వ్యాపారం పెరుగుతుంది. అలా డబ్బాపాలు వలస రాజ్యాల ఓడలెక్కి ఆఫ్రికాకు, ఆసియాకు వచ్చాయి.

మన సైన్సు పాఠాల్లో ‘క్వాషియోర్కర్’ అనే జబ్బు పేరు చెబుతాం. కాళ్లు వాచి, పొట్ట ఉబ్బి, జుట్టు రంగు మారిన బిడ్డ బొమ్మ చూపిస్తాం. ఆ పేరు ఎక్కడిదో పిల్లలకు చెప్పామా? ఇప్పటి ఘానా దేశంలో గా అనే భాష మాట్లాడే తల్లుల నోట ఉన్న మాట అది. తమ్ముడో చెల్లెలో పుట్టాక తల్లి ఒడికి దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బని దాని అర్థం. 1930లలో అక్కడ పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఆ తల్లుల మాటనే వైద్యశాస్త్రంలోకి తీసుకెళ్లింది. ఆమె తర్వాత మలయాకు వెళ్లింది. అక్కడ నర్సుల వేషంలో తిరిగే అమ్మకందారులు మంచి రొమ్ముపాలున్న తల్లుల చేత డబ్బాపాలు కొనిపించడం చూసింది. 1939లో సింగపూర్ రోటరీ క్లబ్బులో ‘పాలు – హత్య’ అని పేరు పెట్టి ప్రసంగించింది. శుభ్రమైన నీళ్లు లేని ఇంట్లో, సీసా మరగబెట్టేందుకు వీలు లేని చోట, డబ్బు చాలక పొడిని పలచగా కలిపే చోట ఆ పాలు బిడ్డను చంపుతున్నాయని ఆమె ఎత్తిచూపింది.

ఆ మాట లోకానికి ఎక్కడానికి ఇంకో ముప్ఫై అయిదేళ్లు పట్టింది. 1974లో బ్రిటన్‌లోని ‘వార్ ఆన్ వాంట్’ అనే సంస్థ డబ్బాపాల అమ్మకాల మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేసింది. 1977లో అమెరికాలో మామూలు జనం నెస్లే సరుకులు కొనడం మానేశారు. చివరికి 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభలో తల్లిపాలకు బదులుగా అమ్మే సరుకుల ప్రచారంపై అంతర్జాతీయ నియమావళి ఓటుకు వచ్చింది. 118 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. మన దేశం కూడా ఒప్పుకుంది. వ్యతిరేకంగా ఓటేసిన ఒకే ఒక్క దేశం అమెరికా.

ఇక్కడ 1983లో జాతీయ నియమావళి, 1992లో చట్టం వచ్చాయి. 2003లో ఆ చట్టాన్ని మరింత గట్టి చేశారు. రెండేళ్లలోపు పిల్లల కోసం అమ్మే పాలపొడికి, ఆహారానికి, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. తల్లులకు ఉచితంగా నమూనాలు పంచకూడదు. డబ్బా మీద తల్లి బొమ్మ, బిడ్డ బొమ్మ వేయకూడదు. వైద్య సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదు. దీన్ని మీరితే మూడేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చు. మన వారపు సంతలో, రోడ్డు పక్క దుకాణంలో, మందుల షాపులో డబ్బా కనబడినప్పుడు ఈ చట్టం గుర్తుకు రావాలి. పలానా డబ్బాపాలు పట్టమని ఎవరైనా చీటీ రాసిస్తే, ఎందుకని అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంది.

పని, కూలి, విరామం

డబ్బా ఒక్కటే తల్లినీ బిడ్డనూ విడదీయలేదు. కూలి కూడా విడదీసింది. ఈ సంగతిని ముందుగా పట్టుకున్నది కార్మికుల తరఫున మాట్లాడినవాళ్లు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును బలపరుస్తూ డాక్టర్ అంబేడ్కర్ మాట్లాడారు. 1929లో అది చట్టమైంది. 1948 ఫ్యాక్టరీల చట్టం, 1951 తోటల కార్మికుల చట్టం పనిచోట పిల్లల గది ఉండాలన్నాయి. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం, పనిలో చేరిన తల్లికి బిడ్డ పదిహేను నెలల వయసు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చేందుకు విరామం ఇవ్వాలంది. 2017లో సెలవును 26 వారాలకు పెంచారు.

ఈ చట్టాలన్నీ హాజరుపట్టీలో పేరున్నవాళ్లకు. పోడు భూమిలో కలుపు తీసే తల్లికి, తునికాకు కోసే తల్లికి, మిరపతోటకు వలసపోయే తల్లికి సెలవు ఎవరు ఇస్తారు? ఉపాధి హామీ పథకం నిబంధనల్లో ఒక మంచి మాట ఉండేది: పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు లేదా ఎక్కువమంది వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలి. ఆ మాట రాసి ఉందని తెలియక అడగని ఊళ్లు ఎన్నో. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణులకు, బాలింతలకు ఆరు వేల రూపాయలకు తగ్గకుండా సాయం అందాలంది. 2017లో వచ్చిన కేంద్ర పథకం మాత్రం మొదటి కాన్పుకు అయిదు వేలు అని గీత గీసింది. బాలింత పనికి పోకుండా ఇంట్లో ఉండాలంటే ఆ ఇంటి పొయ్యి వెలగాలి. తల్లిపాల గొప్పతనం గురించి ఎన్ని గోడరాతలు రాసినా ఈ లెక్క తప్పదు.

నది అవతలి అనుభవం

ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లా. అటువైపు మాట్లాడే గోండి ఇటువైపు వాళ్లకూ అర్థమవుతుంది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980ల మధ్య నుంచి పనిచేస్తున్నారు. పెద్ద కట్టడాలంటే మాకు భయమని ఆదివాసులు చెబితే, ఆసుపత్రిని గుడిసెల ఊరిలా కట్టి దానికి దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు.

1995లో వాళ్లు 39 ఊళ్లలో ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. అయిదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివిన ఊరి ఆడవాళ్లనే ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. ఆమె గర్భిణిని ముందే కలుస్తుంది. కాన్పు సమయంలో మంత్రసానితో పాటు ఉంటుంది. తర్వాత నెల రోజులు మళ్లీ మళ్లీ ఇంటికి వచ్చి బిడ్డను తూచి, వెచ్చగా ఉంచడం చూపించి, రొమ్ము పట్టించడంలో తోడ్పడుతుంది. జబ్బు గుర్తులు కనబడితే మందు, అవసరమైతే ఇంజెక్షను కూడా ఇస్తుంది. మొదట్లో ఆ ఊళ్లలో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో నెల లోపల 62 మంది చనిపోయేవారు. మూడో ఏడాదికి ఆ సంఖ్య సుమారు 26కు దిగింది. 1999లో ‘లాన్సెట్’ అనే ప్రసిద్ధ వైద్యపత్రిక ఈ ఫలితాలను అచ్చువేసింది. ఇది పాల వల్ల ఒక్కటే జరిగింది కాదు. మందు, వెచ్చదనం, శుభ్రత అన్నీ కలిశాయి. కాని అన్నిటినీ ఇంటి గడప దాటించి లోపలికి తెచ్చింది ఆ ఊరి భాష మాట్లాడే ఆ ఊరి మనిషి. మంత్రసానిని వాళ్లు పక్కకు నెట్టలేదు. ఆమె పక్కన చదువుకున్న ఇంకో మనిషిని కూర్చోబెట్టారు.

2002లో ఛత్తీస్‌గఢ్ ఊరూరా ఒక మహిళా ఆరోగ్య కార్యకర్తను పెట్టి ‘మితానిన్’ అని పేరు పెట్టింది. మితానిన్ అంటే నేస్తం, కష్టసుఖాల్లో తోడుంటానని మాట ఇచ్చిన స్నేహితురాలు. 2005లో దేశమంతా ఆశా కార్యకర్తలు వచ్చారు. 2011 నుంచి బిడ్డ పుట్టాక 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా ఇంటికి రావాలన్న పద్ధతి వచ్చింది. ఇంటి దగ్గర కాన్పయితే మొదటి రోజే రావాలి. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇవ్వడం కూడా మన రెండు రాష్ట్రాల్లో అమలులోకి వచ్చింది. ఆనాటి జావ కుండ, ఆనాటి అత్తమ్మ చేయి, కొత్త పేరుతో వెనక్కి వచ్చాయని మేము అనుకుంటాం.

ఇప్పటి ఖాళీ ఎక్కడ

ఇవాళ కాన్పు కొండ దిగి ఆసుపత్రికి వచ్చింది. అది ప్రాణాలు కాపాడే మార్పు. డోలీలో మోసుకొచ్చిన తల్లిని దారిలోనే పోగొట్టుకున్న ఊళ్లకు దాని విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. కొండశిఖర గ్రామాల గర్భిణులను నెలలు నిండకముందే తీసుకొచ్చి ఉంచేందుకు సాలూరు లాంటి చోట్ల వసతి గృహాలు కూడా నడుస్తున్నాయి.

అయినా ఒక లెక్క చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే, అందులో సిజేరియన్లు అధికం. గంటలోపు పాలు అందినవాళ్లు మాత్రం పదిమందిలో నలుగురికంటే తక్కువ. మంచం ఉంది, డాక్టరు ఉన్నారు. కోతతో లేవలేని తల్లి ఒడిలో బిడ్డను సరిగ్గా పెట్టే చేయి మాత్రం ప్రతిచోటా లేదు. మన తల్లికి ఇంకో కష్టం కూడా ఉంది. నర్సు తెలుగులో చెబుతుంది. తల్లికి వచ్చింది గోండి, కువి, సవర. తెలిసినట్టు తలూపి ఊరుకుంటుంది. తోడు వచ్చిన అవ్వను ‘బయట ఉండు’ అంటారు. అలా కొండ మీద ఉన్న తోడు కొండ మీదే ఉండిపోతుంది, ఆసుపత్రిలో కొత్త తోడు దొరకదు. ఆ ఖాళీలోకే డబ్బా వస్తుంది.

నిజంగా తల్లిపాలు అందని బిడ్డలూ ఉంటారు. తల్లి చనిపోవచ్చు, తీవ్రమైన జబ్బుతో ఉండవచ్చు, బిడ్డ నెలలు నిండక పుట్టి ఉండవచ్చు. వెనకటికి ఇంకో తల్లి ఆ బిడ్డను ఒడికి తీసుకునేది. ఇప్పుడు ఆ పనే పరీక్షలు చేసి, శుద్ధిచేసి జరుపుతున్నారు. 1989లో ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో దేశంలో మొదటి తల్లిపాల నిధి మొదలైంది. 2017లో హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ పేరుతో అలాంటిదే తెరిచారు. వైద్యులు అవసరమని చెప్పి డబ్బాపాలు పట్టించే తల్లిని నిందించే హక్కు ఎవరికీ లేదు.

మన వంతు

ఉపాధ్యాయులుగా మేము మూడు పనులు చేయగలమని నమ్ముతున్నాం. ఒకటి, ఆగస్టు 1 నుంచి 7 దాకా జరిగే తల్లిపాల వారోత్సవాన్ని అంగన్‌వాడీకే వదిలేయకుండా బడిలోనూ జరపాలి. ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు ఉండే ఆడపిల్ల, ఇంట్లో చూసి నేర్చుకోవలసిన సగం చదువుకు దూరంగా పెరుగుతోంది. దాన్ని మనమే చెప్పాలి, మగపిల్లలకూ చెప్పాలి. రెండు, పిల్లల చేత ఊరి ముసలమ్మలను అడిగించి, బాలింతకు ఎవరు ఏం చేసేవారో వాళ్ల భాషలోనే రాయించాలి. మంచిది ఏది, మానుకోవలసింది ఏది అని తరగతిలో విడదీయాలి. మూడు, ముర్రుపాల సంగతి గోండిలో, కువిలో, సవరలో చిన్న మాటలుగా రాసి ఆశా అక్కకు, ఏఎన్ఎం అమ్మకు ఇవ్వాలి.

యువకులకు ఇంకో మాట. తల్లిపాలు ఆడవాళ్ల సంగతి అని పక్కకు తప్పుకోవద్దు. నీళ్ల బిందె మోయడం, కట్టెలు తేవడం, పెద్దబిడ్డను ఎత్తుకోవడం, ఆసుపత్రిలో ‘మా అవ్వను లోపలికి రానివ్వండి’ అని గట్టిగా అడగడం, ఇవన్నీ మగవాళ్లు చేయగల పనులే. ఆశా ఏడో రోజున రాకపోతే ఎందుకు రాలేదని గ్రామసభలో అడగవచ్చు. ఆమెకు నెలనెలా డబ్బు అందుతోందా అని కూడా అదే సభలో అడగాలి. బాలింతకు తోడుండే మనిషికి కూడా ఒక తోడు కావాలి కదా.